అంచుల్లో రాసిన పేర్లు

నాది పాత పుస్తకాల కొట్టు. మా మెదాన్ ఊళ్లో రైలు వంతెన మీద ఇరవై ఏళ్లు నడిపాను. అక్కణ్నించి తరిమేశాక మైదానం పక్కన రేకుల షెడ్డులో నడుపుతున్నాను. బడి పుస్తకాలు అమ్ముకుని బతుకుతాను కానీ నా పిచ్చి మాత్రం వేరు: బొమ్మల కథల పుస్తకాలు. అవి కూడా పెద్ద కంపెనీలవి కావు. వాటి కోసం జకార్తా నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లున్నారు, వాళ్ల తంటాలు వాళ్లు పడతారు. నాకు కావలసినవి అరవైల్లో ఈ ఊళ్లో ఒక దర్జీ, ఒక కాఫీకొట్టువాడు, ఒక బడిపంతులు కలిసి పెట్టిన కంపెనీల పుస్తకాలు. మూడు పుస్తకాలు వేసి, నాలుగోదాని ప్రకటన వెనక అట్ట మీద అచ్చేసి, ఆ నాలుగోది రాకుండానే మూతపడ్డ కంపెనీలు. ఎవడి పిచ్చి వాడికి ఆనందం అంటుంది మా ఆవిడ. దాన్ని ఆనందం అనడం ఆవిడ మంచితనం.

అలాంటిదే లోకాన్ ప్రచురణలు. అరవై నాలుగులో పుట్టి ఎనిమిది నెలల్లో పోయింది. అది వేసిన మూడు పుస్తకాల్లో రెండు నా బీరువాలో ఉన్నాయి. మూడోది ‘నల్లరేవు దొంగలు’. దాన్ని చూశానన్నవాడు నాకు తగల్లేదు. సినిమా బోర్డులు రాసే డార్విస్ అనే ఆయన ఆ బొమ్మలు వేశాడు. పేజీకి రెండు బొమ్మలు, కింద కథ. మనుషుల మొహాలు ఊహించి గీయడం ఆయనకి చేతకాదు. తన సందులోని నాటకాల బృందాన్ని కూర్చోబెట్టి, వాళ్ల మొహాలే దొంగలకీ, పడవవాళ్లకీ, కొత్వాలుకీ పెట్టేశాడని విన్నాను. పాత బట్టీ సందు అది. అదే సందులో ఆ రోజుల్లో ఒక అద్దె పుస్తకాల బడ్డీ ఉండేదనీ, అందులో కూర్చున్న పిల్ల ఇంకా అక్కడే ఉందనీ కబురు తెలిసింది. తెలిసిన మర్నాడే వెళ్లాను.

ఆ పిల్లకి ఇప్పుడు అరవై అయిదేళ్లు. పేరు రుబియా. పొద్దున్నే లొంతొంగ్, అంటే అరటాకులో చుట్టి ఉడికించిన అన్నం ముద్దలు, అమ్ముతుంది. నేను వెళ్లేసరికి అమ్మకం అయిపోయి, మర్నాటికి అరటాకులు కోసుకుంటోంది. పెద్దావిడ కదా, మర్యాదగా వాక్ అని పలకరించి, వచ్చిన పని చెప్పాను.

“బొమ్మల పుస్తకాలా? నీ వయసెంతయ్యా?”

“యాభై రెండు, వాక్.”

“పెళ్లాం ఉందా?”

“ఉంది.”

“ఏమీ అనదా?”

“అంటుంది.”

“అనాలి మరి,” అని ఆకు తిరగేసింది. “ఏ పుస్తకం కావాలి?”

‘నల్లరేవు దొంగలు’ అన్నాను. కత్తి ఆగిపోయింది. ఆవిడ నా వైపు చూడలేదు. కోసిన ఆకుల్ని ఒక దొంతరగా సర్ది, మళ్లీ విడదీసి, మళ్లీ సర్దింది.

“అది ఎక్కడుండొచ్చో నాకు తెలుసు. చెప్తాను. కానీ దొరికితే ముందు నా దగ్గరికి తేవాలి. నీకంటే ముందు నేను చూడాలి. తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి.”

ఒట్టేశాను. పుస్తకం దొరుకుతుందంటే నేను దేని మీదైనా ఒట్టేస్తాను.

అప్పుడు చెప్పింది. బడ్డీ టోక్ లెమాన్ అనే ముసలాయనది. కొత్త పుస్తకం రాగానే పల్చటి కాగితం అట్ట పీకేసి, రెండు దళసరి అట్టలు పెట్టి, దబ్బనంతో కుట్టి, బడ్డీ ముద్ర కొట్టి అద్దెకిచ్చేవాడు. పద్దెనిమిదేళ్ల రుబియా పని ఆ కుట్టడమే. ‘నల్లరేవు దొంగలు’ వచ్చిన రోజు సందంతా బడ్డీ ముందే ఉంది. మంగలి సరిప్ దొంగల నాయకుడు. రిక్షా జాఫర్ కొత్వాలు. ఎవరి మొహం వాళ్లు చూసుకుని పడీపడీ నవ్వారు.

“పక్క సందులవాళ్లు కూడా బెంచీ మీదికొచ్చి చదివేవాళ్లు. ఈ మీసాలోడెవరు, ఈ బట్టతలోడెవరు అని ఒకటే గోల. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. పెన్ను తీసి బొమ్మ పక్కన అంచులో రాసేశా. సరిప్, మంగలి, నీటిపంపు పక్కిల్లు. అలా ఇళ్లతో సహా రాశా. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని టోక్ లెమాన్ మెచ్చుకునేవాడు.”

ఆ బృందం కమ్యూనిస్టు పార్టీవాళ్ల సభలో ఒకే ఒక్కసారి నాటకం వేసింది. వేదిక ఎవరిదైతేనేం, అడిగారు, వేశారు. మరుసటి ఏడు నవంబరులో, ఆ పార్టీవాళ్లని ఊరూరా ఏరి చంపుతున్న రోజుల్లో, ఆ ఒక్క నాటకం చాలింది. లారీ వచ్చింది. పక్క సందు కుర్రాడొకడు ముందురోజే బడ్డీకి వచ్చి, అద్దె ఖాతాలో సంతకం పెట్టి, ‘నల్లరేవు దొంగలు’ అద్దెకి తీసుకెళ్లాడు. లారీ వచ్చిన సాయంత్రం వాడు దాన్ని చేత్తో పట్టుకుని లారీవాళ్ల ముందు నడిచాడు. బొమ్మ చూడ్డం, పేరు చూడ్డం, తలుపు కొట్టడం. ఎనిమిది మందిని ఎక్కించుకుపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

“వారం తర్వాత వాడు పుస్తకం తిరిగి తెచ్చాడు,” అంది.

“తిరిగి తెచ్చాడా?”

“అద్దె పుస్తకం కదయ్యా. తేవద్దూ? ఒక్క పేజీ కూడా నలగలేదు. టోక్ లెమాన్ దాన్ని అందుకుని ట్రంకులో అడుగున వేసి, ఆ రోజే బడ్డీ కట్టేశాడు. వాడి పేరు అడక్కు. వాడి పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు.”

ఆవిడ కత్తి మళ్లీ అందుకుని ఇంకో ఆకు కోసింది.

“ఆ ఎనిమిది మందిలో మా అన్న ఉన్నాడు, బహ్రుమ్. మా అమ్మ పోయేదాకా ఒకటే అడిగింది. సరిప్‌ని ఊరంతా ఎరుగును. జాఫర్‌కి నోరెక్కువ. మా బహ్రుమ్ ఎవరికి తెలుసు? రైల్వే వర్క్‌షాపుకి పోవడం, రావడం. ఎవడికో జ్వరమొస్తే వంటవాడి వేషం వేశాడంతే. వాడి పేరు ఎవరిచ్చారే, అని. నాకు గుర్తు లేదయ్యా. మిగతావాళ్లవి రాయడం గుర్తుంది, వాడిది గుర్తు లేదు. ఆ వంటవాడి పేజీ దగ్గరికొచ్చేసరికి నాకు తెల్లకాగితమే కనిపిస్తుంది. నేను రాశానో లేదో నాకు తెలియాలి. అంతే. ఆ తర్వాత పుస్తకం నువ్వే ఉంచుకో.”

టోక్ లెమాన్ మనవరాలు బిన్జాయ్‌లో ఉంటుంది. ముప్పావు గంట బస్సు. నలభై ఆరేళ్లలో వాక్ రుబియా ఆ బస్సు ఎక్కలేకపోయింది.

నేను ఆ ఆదివారమే ఎక్కాను. ట్రంకు మీద ఫ్యాను పెట్టుకున్నారు. తాత చెత్తంతా అందులోనే ఉంది, కావాలంటే తీసుకెళ్లండి, ఫ్యానుకి స్టూలు కొనుక్కుంటాం అన్నారు. పైనున్నవన్నీ చెదలు తిని పొడైపోయాయి. ఆ పొడిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి ఒక దళసరి అట్ట పైకి తీశాను. బడ్డీ ముద్ర, దబ్బనం కుట్లు. పుస్తకం చెక్కుచెదరలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. నేను ముందు చూసింది ప్రతి ఎలా ఉందనే. అరవై నాలుగు పేజీలూ ఉన్నాయా, వెనక ప్రకటన ఉందా. ఒట్టు సంగతి అక్కడే గాలికి పోయింది. పదకొండో పేజీలో సరిప్ కనిపించాడు. పక్కన గుండ్రటి అక్షరాలతో పేరు, వృత్తి, ఇల్లు. ఆ పేరు మీద ఎర్రసిరాతో ఇంకెవరో పెట్టిన టిక్కు. సరుకుల చీటీ మీద కిరాణావాడు పెట్టుకునే గుర్తు లాంటిది. పుస్తకం మూసేశాను. వంటవాడి పేజీ కోసం వెతికే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆ సందు వైపు వెళ్లలేదు. ఆవిడ బాధ తలుచుకుని ఆగానని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. అది సగమే నిజం. తీసుకెళ్లి ఆవిడ చేతికిస్తే, ఆవిడ దాన్ని పొయ్యిలో పడేస్తే? లోకంలో ఉన్న ఒకే ఒక్క ప్రతి. ట్రంకు మొత్తం చెదలు తినేసింది వాక్, అని ఒక్క మాటంటే ఆవిడకీ మేలు, నాకూ మేలు. రోజుకి నాలుగుసార్లు ఆ మాట మనసులో అనుకునేవాణ్ని.

“తేలు కుట్టిన దొంగలా ఏంటా కూర్చోవడం?” అంది మా ఆవిడ. అంతా చెప్పాను. అన్నం వడ్డిస్తూ విని, “దొరికిందనో లేదనో, ఏదో ఒకటి చెప్పి రా. నలభై ఆరేళ్లు ఎదురుచూసిన మనిషిని నువ్వు కూడా ఎదురుచూసేలా చెయ్యకు,” అంది.

పట్టుకెళ్లాను. వాక్ రుబియా చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, చాప మీద కూర్చుంది. “నువ్వు తిప్పు,” అంది.

తిప్పాను. సరిప్ దగ్గర తల ఊపింది. జాఫర్ దగ్గర ఊపింది. ఎర్ర టిక్కుల్నీ చూసింది. నలభై ఒకటో పేజీలో దొంగల పడవలో వంటవాడు గరిటె పట్టుకుని ఉన్నాడు. బక్క మొహం, పెద్ద చెవులు. పక్కన పేరుంది. అయితే అది సిరా కాదు, ఇనుము మీద గుర్తులు పెట్టే లావుపాటి నీలం పెన్సిలు. గుండ్రటి అక్షరాలు కావు, కోడి కెలికినట్టు రాత.

ఆవిడ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. “ఇది నేనే, బహ్రుమ్. రైల్వే వర్క్‌షాపు. మా చెల్లెలు సందందరి పేర్లూ రాసి అన్నని మర్చిపోయింది. ఇది చదివినవాళ్లు దాన్ని నాలుగు తిట్టండి.”

కింద ఎర్ర టిక్కు.

“వాడే,” అంది. “వాడి రాతే. నేను రాయలేదు. అమ్మా, నేను రాయలేదే! వాడే రాసుకున్నాడే, వెధవ!” రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. మధ్యలో నవ్వింది కూడా. దాన్ని నాలుగు తిట్టండి అన్నాడు చూశావా, అని నా మోకాలి మీద కొట్టింది. నాకూ కళ్లు చెమర్చాయి. హమ్మయ్య అనుకున్నాను. పుస్తకం నాదైపోయిందని కూడా అనుకున్నాను. చెయ్యి చాపాను.

ఆవిడ ఇవ్వలేదు. ఏడుపు ఆగాక మళ్లీ మొదటికి తిప్పింది, ఈసారి తనే. పైకి చదవడం మొదలుపెట్టింది. సరిప్, మంగలి, నీటిపంపు పక్కిల్లు. జాఫర్, రిక్షా, మసీదు వెనక. ఒకటి, రెండు, మూడు. ఏడు పేర్లు. ఏడూ ఆవిడ దస్తూరీనే. ముత్యాల్లాగే ఉన్నాయి, ఆ మాట నిజం.

“ఒక్కడి గురించే ఆలోచించానయ్యా,” అంది. గొంతులో ఏడుపు లేదు. “నలభై ఆరేళ్లు ఒక్కడి పేరే వెతుక్కున్నా. ఈ ఏడుగురూ నాకు గుర్తున్నారు. రాసినట్టూ గుర్తుంది. అయినా నన్ను పీడించలేదు. మా అన్నది నేను రాయకపోతే చాలు, నేను మంచిదాన్నే అనుకున్నా.”

ఆవిడ లేచి, తలమీద గుడ్డ సర్దుకుంది.

“పద.”

“ఎక్కడికి వాక్?”

“సరిప్ పెళ్లాం దగ్గరికి. నుర్‌బేతి. ఆ వారం సందులో అందరం ఫోటోలు తగలబెట్టాం, ఇంట్లో దొరికితే ప్రమాదమని. పెళ్లి ఫోటోలతో సహా. మొగుడి మొహం దానికి ఒక్కటీ మిగల్లేదు. ఇందులో ఉంది. చూపిస్తా. ఎలా పోయాడో కూడా చెప్తా.”

“ఇప్పుడెందుకు వాక్ పాత పుండు కెలకడం? ఆవిడ ముసలిది.”

“పుండు ఎవరిది?” అంది. “దానిదా, నాదా?”

మూడిళ్ల అవతలే నుర్‌బేతి ఇల్లు. డెబ్బై దాటిన మనిషి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, మనవల బట్టలకి గుండీలు కుడుతోంది. ఈ ఇద్దరి మధ్యా కొబ్బరి కోరాం రోజూ అటూ ఇటూ తిరుగుతుందని అంతకుముందు విన్నాను. వాక్ రుబియా పలకరింపులేమీ లేకుండా పదకొండో పేజీ తెరిచి ఆవిడ ఒళ్లో పెట్టింది.

నుర్‌బేతి సూది జాకెట్టుకి గుచ్చుకుని, బొటనవేలితో ఆ బొమ్మ మీసాన్ని ఒకవైపు నుంచి రెండోవైపుకి నిమిరింది.

“మీసం ఇలాగే దువ్వేవాడు,” అంది. “ముక్కు మాత్రం డార్విస్ అన్యాయంగా గీశాడు. ఆయన ముక్కు బాగుండేది.”

“నుర్,” అంది వాక్ రుబియా. ఆవిడ కూర్చోలేదు. “ఆ పక్కన రాసింది ఆయన పేరు. ఈ ఇంటి ఆనవాలు. రాసింది నేను. వాళ్లు అది చదువుకునే మీ ఇంటికొచ్చారు.”

“తెలుసు,” అంది నుర్‌బేతి, బొమ్మ మీంచి కళ్లు తియ్యకుండా.

“ఏం తెలుసు?”

“నువ్వు రాసిన రోజే ఆయన నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. రుబియా నా పేరూ ఇల్లూ పుస్తకంలో రాసింది, ఇక గిరాకీ పెరుగుతుందే అన్నాడు. ఆ తర్వాత వాళ్లొచ్చినప్పుడు ముందున్నవాడి చేతిలో ఈ అట్ట చూశా. నాకు చదువు రాదు గానీ అట్ట తెలీదా?”

వాక్ రుబియా గోడకి చెయ్యి ఆనించింది. “మరి ఒక్కసారైనా నన్ను అడగలేదేం?”

“రంజాన్ పండక్కి ఏటా మీ ఇంటికొస్తాగా. నువ్వు షర్బత్ ఇస్తావు. నేనేం చేస్తానో ఎప్పుడైనా చూశావా?”

“గ్లాసు ముట్టుకుని పెట్టేస్తావు.”

“అంచు మీద వేలు పెడతా. ఇచ్చినదాన్ని అలాగైనా తాకకుండా పోతే దారిలో అరిష్టమని. ఇన్నేళ్లలో మీ ఇంట్లో ఒక్క గుక్క తాగలేదు.”

“నీకు షుగరనుకున్నానే.”

“షుగర్ నీకు. నాకే రోగమూ లేదు.”

సందులో ఎవరో మోటారుసైకిలు స్టార్టు చేయబోతే అది మొరాయిస్తోంది. నాకు పారిపోవాలనిపించింది. పుస్తకం ధ్యాస కూడా లేదు, నన్ను నేనే నమ్మలేకపోయాను.

“నువ్వొచ్చి చెప్తావని చూశా,” అంది నుర్‌బేతి. “మొదటి ఏడు చూశా. మీ అమ్మ పోయినప్పుడు చూశా. ఆ తర్వాత చూడ్డం మానేశా. కోరాం ఇస్తూ, తీసుకుంటూ, పిల్లల పెళ్లిళ్లకి కలిసి వండుతూ ఉన్నాం. ఇంకేం చెయ్యను? ఈ సందు వదిలి ఎక్కడికి పోను?”

“నన్నేం చెయ్యమంటావు, నుర్?”

నుర్‌బేతి పుస్తకం మూసి, రెండు చేతులతో పైకి అందించింది. “నా మొగుణ్ని చూశా, చాలు. ఇంకా ఆరిళ్లున్నాయి కదా. జాఫర్ కూతురికి తండ్రి మొహం తెలీదు, అప్పటికి కడుపులో ఉంది. ముందు దానికి చూపించు. మిగతావాళ్లలో ఇద్దరు ఊరు మారారు, ఎక్కడున్నారో నేను చెప్తా. వెళ్లు.”

మంచినీళ్లు తాగి వెళ్లమని ఆవిడ అనలేదు. మేమూ అడగలేదు.

మసీదు వెనక సందు దాకా పుస్తకం నేనే పట్టుకున్నాను. జాఫర్ కూతురి గుమ్మం ముందు నేను తలుపు కొట్టబోతే వాక్ రుబియా నా చెయ్యి తోసేసి తనే కొట్టింది. నలభై అయిదేళ్ల మనిషి, చేతులకి పిండి, తలుపు తీసి మొహమంతా నవ్వింది.

“ఏంటి వాక్, దారి తప్పావా? లోపలికి రా, టీ పెడతాను.”

“టీ తర్వాత, తల్లీ,” అంది వాక్ రుబియా. “ముందు ఇది చూడు, నేను చెప్పేది విను. విన్నాక పెట్టాలనిపిస్తే పెట్టు.”